బస్తాల్లో పింఛను

కృష్ణా పశ్చిమ డెల్టాలో నాలుగెకరాలున్న రిటైర్డు మాస్టారికి రెండు రకాల రాబడి. ఒకటో తారీఖున బ్యాంకులో పడేది రూపాయల్లో ఉంటుంది. సంక్రాంతి ముందూ వెనకా వచ్చేది బస్తాల్లో ఉంటుంది. మొదటిదాన్ని పింఛను అంటాం, రెండోదాన్ని కౌలు అంటాం. పింఛను పెంచాలని ధర్నాలు చేస్తాం. కౌలు మాత్రం అడక్కుండానే పెరుగుతూ వచ్చింది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

లెక్క వేసి చూడండి. ఎకరానికి 25 బస్తాల కౌలు, బస్తా 75 కిలోలు అనుకుందాం. ఊరిని బట్టి, నీటి వసతిని బట్టి ఈ అంకె మారుతుంది కాబట్టి మీ ఊరి అంకె మీరు వేసుకోండి. 25 బస్తాలంటే పద్దెనిమిదిముప్పావు క్వింటాళ్లు. సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2004-05లో క్వింటాలు 560 రూపాయలు. పదేళ్ల తర్వాత 1,360. మరో పదేళ్లకు, 2024-25లో, 2,300. అంటే అదే ఎకరం, అదే 25 బస్తాలు మొదట 10,500 రూపాయలు, తర్వాత 25,500, ఆ తర్వాత 43,125 తెచ్చిపెట్టాయి. ఇరవై ఏళ్లలో నాలుగు రెట్లు పైన. సగటున ఏటా ఏడు శాతం దాటిన పెరుగుదల. మార్కెట్టులో సాంబ మసూరికి మద్దతు ధర కంటే ఎక్కువ పలికిన సంవత్సరాలూ ఉన్నాయి. ఆ బి.పి.టి. 5204 రకం 1986లో బాపట్ల పరిశోధనల నుంచే బయటికొచ్చింది, బి.పి.టి. అనే అక్షరాలు బాపట్లవే.

ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు ఇలాంటిదాన్ని ధరలతో ముడిపడ్డ జీవితకాల ఆదాయం అంటారు. లోకంలో అన్నిటికంటే కష్టంగా దొరికే పింఛను అదే. డెల్టా రైతులు కౌలును డబ్బుల్లో కాకుండా గింజల్లో మాట్లాడుకోవడం మొదలుపెట్టినప్పుడు ఎవరూ ద్రవ్యోల్బణం పాఠాలు చదివి ఉండరు. రూపాయి విలువ జారుతుంది, తిండిగింజ విలువ అంతగా జారదు. అనుభవం వాళ్లకు ఇంతే చెప్పింది.

ఈ జారుడు ఎంత ఉంటుందో చూద్దాం. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లకు రెట్టింపవుతాయి. అరవయ్యో ఏట నెలకు 25,000తో గడిచే ఇంటికి డెబ్భై రెండో ఏట 50,000 కావాలి, ఎనభై నాలుగో ఏట లక్ష కావాలి. ఇంట్లో ఒక్క కొత్త ఖర్చు చేరకపోయినా అంతే. మందుల ఖర్చు ఎలాగూ చేరుతుంది.

అలాగని పొలమే సర్వస్వమని పక్కకు జరిగి కూర్చోవడానికి లేదు. రెండో వైపు లెక్క ఇంకా చురుక్కుమనిపిస్తుంది. ఎకరం 40 లక్షలు పలుకుతుందనుకుందాం. 40 లక్షల ఆస్తి ఏడాదికి 43 వేలు ఇస్తోందంటే నూటికి రూపాయి చిల్లర. పోస్టాఫీసులోనూ బ్యాంకుల్లోనూ ఉన్న సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము వడ్డీ 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి చేరింది. ఒక్కొక్కరు 30 లక్షల దాకా వేసుకోవచ్చు. కాబట్టి ఆ 40 లక్షలు భార్యాభర్తలిద్దరి పేరునా సర్దితే ఏడాదికి 3 లక్షల 28 వేలు, నెలకు 27 వేల పైన వస్తుంది. వడ్డీ అక్కడే నిలిచిపోతుంది, కౌలేమో ఏటా ఆ ఏడు శాతం పై చిలుకు పెరుగుతుంది. ఎన్నేళ్లకు కౌలు ఆ వడ్డీని అందుకుంటుంది? దాదాపు ఇరవై తొమ్మిదేళ్లకు. అరవయ్యో ఏట ఎకరం అమ్మిన మనిషికి ఎనభై తొమ్మిది వచ్చేదాకా ఏడాది ఏడాదికీ చేతిలో పడే సొమ్ము వడ్డీ వైపే ఎక్కువ. మధ్యలో వడ్డీరేటు తగ్గొచ్చు, ఆ డిపాజిట్టు గడువు అయిదేళ్లే. పొలం విలువ పెరుగుతుంది, డిపాజిట్టు అసలు విలువ కరుగుతుంది. ఇవన్నీ నిజమే. కానీ విలువ పెరిగే పొలం ఎవరికోసం పెరుగుతోందన్నది కూడా లెక్కలో భాగమే.

మన వైపు పెద్దవాళ్ల అసలు ఇబ్బంది ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కాగితాల మీద కోటీశ్వరులు. మోకాలి ఆపరేషన్‌కు మాత్రం టెక్సాస్‌లో ఉన్న అబ్బాయి డబ్బు పంపాలి. నాలుగెకరాల్లో ఒక ఎకరం తమ ముసలితనానికి అమ్ముకోవడం పరువు తక్కువ కాదు, అది మిగిలిన మూడెకరాల్నీ నిశ్చింతగా ఉంచుకునే ఉపాయం. అయితే ఏ ఎకరం అమ్మాలో చూసుకోవాలి. ఆదాయపు పన్ను చట్టం పల్లె ప్రాంతపు సాగుభూమిని మూలధన ఆస్తిగా లెక్కించదు, కాబట్టి దాన్ని అమ్మితే లాభం మీద పన్ను లేదు. పల్లె అంటే ఎంత దూరం? పట్టణ జనాభా పది వేలు దాటి లక్షలోపు ఉంటే మునిసిపల్ హద్దు నుంచి రెండు కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షలలోపైతే ఆరు కిలోమీటర్లు అవతల ఉండాలి. దూరం రోడ్డు వెంట కాదు, ఆకాశమార్గాన కొలుస్తారు. 2011 జనాభా లెక్కల్లో బాపట్ల, రేపల్లె లక్షలోపే. తెనాలి లక్షా అరవై వేలు దాటింది. బాపట్ల శివారు నుంచి మూడు కిలోమీటర్లలో ఉన్న పొలానికి లేని పన్ను, తెనాలి శివారు నుంచి అంతే దూరంలో ఉన్న పొలానికి పడొచ్చు.

పొలానికి ఇంకో బలహీనత ఉంది, దాన్ని 2023 డిసెంబరు 5న అందరూ చూశారు. మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతల కాలం. కోసిన పనలు పొలాల్లో నీళ్లలో నానాయి, కోయని చేలు నేలకొరిగాయి. అలాంటి ఏడు కౌలు రైతుకే గింజ దక్కదు, ఇక భూమి యజమానికి ఏమిస్తాడు? ఇచ్చినా ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తాడన్నది అడగాల్సిన ప్రశ్న.

పదవీ విరమణ లెక్కల్లో ఇలాంటి దెబ్బ ఎప్పుడు తగిలిందన్నది ఎంత గట్టిగా తగిలిందన్నదానితో సమానం. అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో పాత మార్కెట్ లెక్కలన్నీ తిరగేసి ఒక సంగతి చూపించాడు. షేర్లూ బాండ్లూ కలిపి దాచుకున్న మొత్తంలో మొదటి ఏడు నాలుగు శాతం వాడుకుని, తర్వాత ధరలతో పాటు ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోతే, ఎంత చెడ్డ కాలంలో రిటైరైనా ముప్పై ఏళ్లు సరిపోయింది. అంతకు మించి తీస్తే కొందరికి చాలింది, కొందరికి మధ్యలోనే అయిపోయింది. ఆ కొందరిని ముంచింది సగటు రాబడి కాదు. రిటైరైన మొదటి నాలుగైదేళ్లలో మార్కెట్ పడిపోయి, పడిన ధరకే అమ్ముకుని తినాల్సి రావడం. అలా అమ్మేసినవి మార్కెట్ లేచినప్పుడు తిరిగి రావు. ఆ నాలుగు శాతం అమెరికా చరిత్రలోంచి వచ్చిన అంకె, మన ధరలకూ మన వడ్డీలకూ అచ్చంగా అతకదు. దాని వెనకున్న కారణం మాత్రం ఎక్కడైనా ఒకటే. పొలం విషయంలో ఒక మేలు ఉంది. తుపాను ఆ ఏటి గింజను తీసుకుపోతుంది, ఎకరాన్ని తీసుకుపోదు. పై ఏడు కౌలు మళ్లీ మొదలు. చేతిలో రెండేళ్ల ఖర్చు విడిగా డిపాజిట్లో ఉన్నవాళ్లు ఆ గండం దాటేస్తారు, లేనివాళ్లు గండం మధ్యలో బేరం పెడతారు.

ఇంతవరకూ ఎంత వస్తుందన్నదే చూశాం. ఎన్నాళ్లు కావాలి?

మన దేశంలో పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయం డెబ్భై ఏళ్ల దగ్గర ఉంది. అరవై నిండిన మనిషి దీన్ని చూసి ఇంకా పదేళ్లే అనుకుంటే పొరపాటు. డెబ్భై అనే సగటులో పసితనంలో పోయినవాళ్లూ, నడివయసులో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లందర్నీ దాటి అరవైకి చేరినవాళ్లకు ఇంకా సుమారు పద్దెనిమిదేళ్లు సగటున మిగిలి ఉంటాయి. ఆ పద్దెనిమిదీ సగటే. చాలామంది దాన్ని దాటతారు.

బెంజమిన్ గాంపెర్ట్జ్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1825లో పట్టుకున్న సూత్రం ఇప్పటికీ బీమా కంపెనీల లెక్కలకు వెన్నెముక. పెద్దవయసులో ఆ ఏడు చనిపోయే అవకాశం దాదాపు ప్రతి ఎనిమిదేళ్లకూ రెట్టింపవుతుంది. అరవైలో ఉన్నదానికి అరవై ఎనిమిదిలో రెట్టింపు, డెబ్భై ఆరులో నాలుగు రెట్లు. ఊరు మొత్తానికి ఈ గీత ఎంతో నున్నగా సరిపోతుంది. ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి ఏమీ చెప్పలేదు.

ఉదాహరణ తెనాలి దగ్గరే దొరుకుతుంది. గుడివాడ గ్రామపు మస్తానమ్మను మీరు యూట్యూబులో చూసే ఉంటారు. చిన్నతనంలోనే పెళ్లి, ఇరవై రెండేళ్లకే భర్త పోయాడు. కూలి చేసి పిల్లల్ని పెంచింది. వందేళ్లు దాటాక, 2016లో, మునిమనవడు ఆమె వంటను వీడియో తీస్తే దేశదేశాల జనం చూశారు. పుచ్చకాయలో కోడికూర వండిన వీడియో చాలామందికి గుర్తు. 2018 డిసెంబరులో చనిపోయినప్పుడు వయసు 107 అన్నారు. ఆ తరం కూలి కుటుంబాల్లో పుట్టిన తేదీ రాసిపెట్టేవాళ్లు తక్కువ కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అనుకోవచ్చు. అరవైకి రిటైరైన మనిషి అంతకాలం బతికితే ఉద్యోగం చేసిన ఏళ్ల కంటే విశ్రాంతి ఏళ్లే ఎక్కువవుతాయి. ఏ ప్రణాళికా ఒక మనిషిని అన్నేళ్లు సొంత డబ్బుతో మోయలేదు.

మోయగలిగేది గుంపు. పింఛను అనే ఆలోచనలో ఉన్న సైన్సంతా ఇదే. హేలీ తోకచుక్కకు పేరిచ్చిన ఎడ్మండ్ హేలీ 1693లో బ్రెస్లా పట్టణపు చావుపుట్టుకల లెక్కలు తీసుకుని, జీవితాంతం ఏటా ఇంత ఇస్తామనే ఒప్పందానికి ఏ వయసువాడి దగ్గర ఎంత తీసుకోవాలో కట్టి చూపించాడు. అప్పట్లో ప్రభుత్వాలు వయసు చూడకుండా ఒకే ధరకు అమ్మి నష్టపోయేవి. సూత్రం తేలికే. ధరల పెరుగుదలా వడ్డీ ఒకదానికొకటి సరిపోయాయనుకోండి. అరవయ్యేళ్ల మనిషి దగ్గర 50 లక్షలున్నాయి. తను 95 దాకా బతకొచ్చనే భయంతో ఒంటరిగా లెక్క వేసుకుంటే ముప్పై అయిదేళ్లకు సర్దాలి, నెలకు పన్నెండు వేలకు మించి తీయలేడు. అలాంటివాళ్లు వెయ్యిమంది డబ్బు ఒకచోట పోస్తే ఆ గుంపు సగటుకు, పద్దెనిమిదేళ్లకు, సర్దుకుంటే చాలు. ఒక్కొక్కరికి నెలకు 23 వేలు, అదీ ప్రాణం ఉన్నంతకాలం. డెబ్భైలో పోయినవాళ్ల వాటా తొంభై దాటినవాళ్లకు చేరుతుంది. కంపెనీ ఖర్చులు, లాభం పోగా చేతికొచ్చేది దీనికంటే తక్కువే. ఆరోగ్యం బాగున్నవాళ్లే ఇవి ఎక్కువగా కొంటారు కాబట్టి కంపెనీ ఇంకాస్త బిగిస్తుంది కూడా.

ఫ్రాన్సులో ఒక నోటరీ ఈ గుంపు సూత్రాన్ని పక్కనబెట్టి ఒక్క మనిషి మీద పందెం కాశాడు. 1965లో జాన్ కల్మా అనే తొంభై ఏళ్ల ఆవిడతో ఒప్పందం రాసుకున్నాడు. ఆమె బతికినంతకాలం నెలకు 2,500 ఫ్రాంకులు ఇస్తాడు, పోయాక ఇల్లు అతనిది. 1995లో అతనే పోయాడు. ఆమె 1997 దాకా, 122 ఏళ్లు బతికింది.

మన ఇళ్లలో ఈ పందెం ఎక్కువగా భార్య మీద పడుతుంది. ఆవిడ వయసులో నాలుగైదేళ్లు చిన్నది, పైగా ఆడవాళ్ల ఆయుర్దాయం ఎక్కువ. ఇద్దరిలో ఒక్కొక్కరికి 85 దాటే అవకాశం మూడింట ఒక వంతే అనుకున్నా, కనీసం ఒకరు దాటే అవకాశం తొమ్మిదింట అయిదు వంతులు, అంటే సగం పైన. కాబట్టి రిటైర్మెంట్ లెక్క వేయాల్సింది ఆయన వయసుకు కాదు, ఆవిడ ఆఖరి పదేళ్లకు. ఆ పదేళ్లలో ఆవిడకు చేరేది ప్రభుత్వ పింఛను పాత పద్ధతిదైతే కుటుంబ పింఛను, సాధారణంగా ఆఖరి జీతంలో 30 శాతం. ఇంట్లో ఒక మనిషి తగ్గితే కరెంటు బిల్లు, ఇంటి పన్ను, పనిమనిషి జీతం సగానికి తగ్గవు.

ఆ పాత పద్ధతి ఎంత విలువైనదో అది లేనివాళ్లకు బాగా తెలుసు. ఆఖరి జీతంలో సగం, ధరలతో పెరిగే కరువు భృతి, తర్వాత భార్యకు కొంత. బస్తాల కౌలుకున్న గుణాలన్నీ ఉన్నాయి, తుపాను భయం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవాళ్లకు అది లేదు. జీతంలో పది శాతం వాళ్లు, పది శాతం ప్రభుత్వం వేస్తే పోగయ్యే నిధిలోంచి రిటైరైనప్పుడు కనీసం 40 శాతంతో ఏ బీమా కంపెనీ దగ్గరో జీవితకాల పింఛను కొనాలి. కొన్నరోజు ఎంతో చనిపోయేదాకా చాలావరకు అంతే. ఏటా మూడు శాతం పెరిగే రకాలున్నా మొదట ఇచ్చేది తక్కువ. ప్రైవేటు ఉద్యోగి సంగతి మరీ సన్నం. ఈపీఎఫ్ పింఛను సూత్రంలో జీతం పరిమితి 15,000, దాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. ముప్పై అయిదేళ్లు పనిచేసినా 7,500. కనీస పింఛను 2014 నుంచి వెయ్యి రూపాయలు. కరువు భృతి మాట లేదు.

రిటైరయ్యే తేదీ కూడా మన చేతిలో ఉండదని ఈ రాష్ట్రంలో ఉద్యోగాలు చేసినవాళ్లకు చెప్పనక్కరలేదు. 1983 ఫిబ్రవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం 58ని 55 చేసింది. పిల్లల పెళ్లిళ్లు మూడేళ్ల తర్వాతకు అనుకున్నవాళ్లు ఆ నెలాఖరుకే ఇంటికొచ్చేశారు. తర్వాత మళ్లీ 58 అయింది, 2014లో 60, 2022లో 62.

ఇక కౌలు రైతు. మాస్టారి పింఛన్లో బస్తాల భాగాన్ని పండించి ఇస్తున్నది అతనే, అతని ముసలితనానికి మాత్రం ఎకరం లేదు. అరవై దాటితే ప్రభుత్వ సామాజిక పింఛను ఉంది. 2014 అక్టోబరుకు ముందు నెలకు 200 ఉండేది, అప్పుడు వెయ్యి అయింది, 2024 జులై నుంచి నాలుగు వేలు. ఒకటో తారీఖున ఇంటికి తెచ్చి చేతిలో పెడుతున్నారు. రాష్ట్రం ఇలా పెంచుతూ పోయింది కానీ అందులో కేంద్రం వాటా ఎనభై లోపు వాళ్లకు 2007 నుంచీ 200 దగ్గరే ఉంది. ధరలతో కట్టిపడేయని అంకె ఏ ప్రభుత్వం దగ్గరైనా అలాగే నిలబడిపోతుంది, ఎన్నికలు వస్తే తప్ప కదలదు. ముప్పై ఏళ్ల కౌలు రైతు అటల్ పింఛను యోజనలో నెలకు 577 కడితే అరవై నుంచి నెలకు 5,000 ఖాయం, తర్వాత భార్యకూ అంతే. కానీ ధరలు ఆరు శాతం చొప్పున పెరిగితే అప్పటి అయిదు వేలు ఇప్పటి 870 రూపాయలతో సమానం. చేరవద్దని కాదు, చేరాలి. అదొక్కటే చాలుననుకుంటే మాత్రం ముప్పై ఏళ్ల తర్వాత తెలుస్తుంది.

డబ్బు ఉండి కాళ్లు లేకపోతే? నలభై దాటాక కండ ఏటా కొంచెం కొంచెంగా కరుగుతుంది, బలం కండ కంటే వేగంగా తగ్గుతుంది. మన చేలల్లో యంత్రాలొచ్చాక వంగి నాటేదీ లేదు, కోసేదీ లేదు. ఉద్యోగం నుంచి వచ్చినవాళ్లయితే పడక్కుర్చీలోంచి టీవీ ముందుకు. 1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ బృందం ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ల మధ్య ఉన్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించింది. పూర్తిచేసినవాళ్ల కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ల కండ కూడా పని చెబితే వింటుందని అప్పటిదాకా చాలామంది వైద్యులే నమ్మలేదు. సాయంత్రం సూర్యలంక బీచిలో నడిస్తే గుండెకు మంచిదే, దానితో తొడల బలం రాదు. చేతులు ఛాతీ మీద పెట్టుకుని కుర్చీలోంచి అరనిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టుకోండి. 65 నుంచి 69 మధ్య మగవాళ్లు 12 కంటే, ఆడవాళ్లు 11 కంటే తక్కువైతే కాళ్లు వెనకబడ్డట్టే. కండకు తిండి కూడా కావాలి. అరవై కిలోల పెద్దవాళ్లకు రోజుకు అరవై గ్రాముల మాంసకృత్తులు ఉండాలని వృద్ధాప్య నిపుణులు చెబుతున్నారు. గుడ్డులో ఆరు, వంద గ్రాముల కందిపప్పులో ఇరవై రెండు. సాంబ మసూరి అన్నం, చారు, మజ్జిగలతో ఆ అంకె రాదు.

పని మానకపోవడం ఆయుష్షు పెంచుతుందా? గణాంకశాస్త్రంలో మన సి.ఆర్.రావు అరవై దగ్గర పడుతుండగా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వదిలి అమెరికా వెళ్లి కొత్తగా మొదలుపెట్టారు, 102 ఏళ్లు బతికి 2023లో పోయారు. ఆరోగ్యం ఉంది కాబట్టి పని చేశారో, పని చేశారు కాబట్టి ఆరోగ్యం ఉందో ఒక్క ఉదాహరణతో తేల్చడం కుదరదని ఆయనే ముందు చెప్పేవారేమో.

చివరగా, రాసివ్వడం. డెల్టాలో ఎన్ని లెక్కలు వేసినా అన్నీ తారుమారయ్యేది ఇక్కడే. పిల్లలు అడగకముందే, బతికుండగానే పొలం, ఇల్లు గిఫ్టు రిజిస్ట్రేషన్ చేసేస్తారు. వీలునామా అయితే ప్రాణం ఉన్నంతకాలం మార్చుకోవచ్చు, రిజిస్టరైన గిఫ్టు అలా కాదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. దానిలో 23వ సెక్షను ప్రకారం, చూసుకుంటామన్న షరతు మీద తీసుకున్న ఆస్తికి ఆ షరతు తప్పితే బదిలీని రద్దు చేయించుకోవచ్చు. ఆ నిబంధనను వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా అర్థం చేసుకోవాలనీ, ఆస్తిని తిరిగి అప్పగించమని ట్రిబ్యునల్ ఆదేశించవచ్చనీ 2025 జనవరి 2న సుప్రీంకోర్టు ఒక తల్లి కేసులో చెప్పింది. అయినా షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవడం మంచిది: నెలకు ఇంత, వైద్యం, తమ తర్వాత భార్యకూ అదే, ఒక ఎకరం కౌలు బస్తాలు ఆవిడవే. రాయలేదని తర్వాత వాదించుకోవడం కంటే రాయించేటప్పుడు కొడుకు ముఖం ముడుచుకోవడమే నయం. పోషణ దరఖాస్తు వినేది ఆర్డీవో ట్రిబ్యునల్, 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడుచోట్లా ఆర్డీవో కార్యాలయాలు ఉన్నాయి.